రెండు కళ్ళ దజ్జాల్

పీరమ్మ దజ్జాల్ కథ మొదలుపెట్టిందంటే రాయ్‌పూర్ పక్కనున్న బీర్‌గావ్‌లోని ఆ తెలుగు వీధి పిల్లలు ఆడుతున్న ఆటని ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ఆమె వసారాలో పాత రజాయి విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకుతూ ఉండేది. దుమ్ము పోకుండా ముక్కుకి కట్టుకున్న గుడ్డని కథ కోసం కిందికి లాగేది. అప్పుడు ఆమె కనుబొమ్మల మీదా, జుట్టులోనూ దూది పీచులు అంటుకుని, ముసలి అవ్వలా కనిపించేది. అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు.

"లోకం ఇంక ఆఖరైపోద్దనంగా వస్తాడర్రా వాడు. దజ్జాలు! నేనే దేవుణ్ణంటాడు. ఓ కన్ను గుడ్డి. ద్రాక్షపండు మల్లే బయటికి పొడుచుకొచ్చి ఉంటది. నుదుటి మీద వాడు దేవుణ్ణి నమ్మనోడని రాసుంటది. చదువు రాని నాబోటిదానిక్కూడా ఆ రాత తెలిసిపోద్ది. రొట్టెల కొండనీ, నీళ్ళ ఏటినీ ఎంటబెట్టుకుని తిరుగుతాడు. అయ్యి కరువు రోజులు గదా! నన్ను దేవుడనండి, తినండి, తాగండి అంటాడు. అననోళ్ళు ఎండి చావాల్సిందే. కానీ వాడి నీళ్ళు నీళ్ళు గావర్రా, నిప్పు. వాడు చూపించే నిప్పే చల్లటి నీళ్ళు."

"మరి వాడొస్తే మనకెట్టా తెలుస్తది పిన్నీ?"

"కళ్ళు లెక్కెట్టండి. ఒకటే ఉందా, ఇంక ఎనక్కి చూడకుండా పరిగెత్తండి."

ఆ తర్వాత కొన్నాళ్ళపాటు వీధిలోకి కూరగాయలవాడొచ్చినా, గ్యాస్ బండివాడొచ్చినా పిల్లలు చుట్టుముట్టి కళ్ళు లెక్కపెట్టేవాళ్ళు. వాళ్ళు 'ఏం పిల్లలురా బాబూ' అని ఛత్తీస్‌గఢీలో తిట్టుకుంటూ పోయేవాళ్ళు. పీరమ్మ దూది ఏకే బద్ద పక్కన పెట్టి పడీ పడీ నవ్వేది. ఆ నవ్వుని తర్వాత వీధిలో ఎవరూ చూడలేదు.

పీరమ్మది నరసరావుపేట దగ్గరి పల్లె. దూదేకులవాళ్ళు. నమాజు చేస్తారు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన మరుసటి ఏడు ఆమె, ఆమె భర్త నాగుల్‌మీరా రాయ్‌పూర్‌కి వచ్చారు. గుంటూరు ఎండలకి రజాయి ఎవడు కుట్టించుకుంటాడు? ఇక్కడైతే దీపావళి దాటగానే ఒళ్ళు వణుకుతుంది. నాలుగు నెలలు చేతినిండా పని, మిగతా ఎనిమిది నెలలు చేతులు ముడుచుకోవడం. మసీదు వీధిలో ఉర్దూ మాట్లాడే ఆడవాళ్ళు ఆమె మాట విని ముసిముసిగా నవ్వేవాళ్ళు. "తెలుగులో దువా చేస్తే అల్లాకి తర్జుమా ఎవరు చేస్తారు?" అని ఒకావిడ అడిగింది కూడా. పీరమ్మకి కోపం వచ్చేది. వాళ్ళమ్మమ్మ నోటెమ్మట నేర్పిన పది వాక్యాలు, దజ్జాల్ నుంచి కాపాడేవి, ఖురాన్‌లో గుహ అనే అధ్యాయంలో మొదటివి, శుక్రవారం శుక్రవారం తప్పకుండా చదివేది. యాస గుంటూరిదే అయినా భయం మాత్రం నిజమైంది.

పక్కింట్లో సారమ్మ ఉండేది. బాపట్ల వైపు క్రైస్తవులు. ఆమె భర్త అబ్రహాం రైల్వేలో పనిచేస్తూ చనిపోయాడు. ఆమె ఒక చిన్న ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో నర్సు. డ్యూటీ దిగి టీ గ్లాసుతో వసారాలో కూర్చుని పిల్లలతో పాటు తనూ కథ వినేది.

"ఏమే పీరమ్మా, వాడు మాకూ ఉన్నాడే. క్రీస్తు విరోధి అంటాం," అంది ఓసారి.

"మీకూ ఉన్నాడా! మరి వాణ్ణి చంపేదెవరో తెలుసా సారమ్మక్కా? మీ ఏసే. మేం ఈసా నబీ అంటాం. పై నుంచి దిగొచ్చి వాణ్ణి పొడిచేస్తాడు."

సారమ్మ మొహం వెలిగిపోయింది. "అంటే ఆఖర్న మా ఏసయ్యే దిక్కన్నమాట మీక్కూడా!"

ఇద్దరూ ఒకే మనిషి కోసం ఎదురు చూస్తున్నామని తెలిశాక వాళ్ళ మధ్య గోడ ఉన్నా లేనట్టే అయింది. ఈ ఇంటి కూర ఆ ఇంటికి వెళ్ళేది, ఆ ఇంటి క్రిస్మస్ కేకు ఈ ఇంటికి వచ్చేది. పీరమ్మకి కొడుకు బాజీ పుట్టినప్పుడు బొడ్డు కోసింది సారమ్మే.

ఇక సూర్యారావు సంగతి చెప్పుకోవాలి. శ్రీకాకుళం వైపు నుంచి కూలీగా వచ్చి, పక్కనే ఉన్న ఉర్లాలో ఫ్యాక్టరీలకి మనుషుల్ని పెట్టే ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, స్థాయికి ఎదిగాడు. ఎదిగినా నడక మారలేదు. ఎవరింటికొచ్చినా చెప్పులు బయటే విడిచేవాడు. చర్చికి రేకులు వేయించాడు, మసీదులో ఫ్యాన్లు పెట్టించాడు, వినాయకుడి పందిరికి కరెంటు ఇప్పించాడు. ఎండాకాలం వీధికి ట్యాంకరు పంపేవాడు. పెద్ద పెద్ద కళ్ళు, దయగా ఉండేవి. నుదురు నున్నగా ఉండేది. పీరమ్మ ఆయనకి మంచి దూదితో రజాయి కుట్టి ఇచ్చి, "ఈ కాలంలో ఇట్టాంటి మనుషులుంటారా సారమ్మక్కా, ఫరిస్తా గాదూ, మీ దేవదూత మల్లే!" అంది. వీధిలో ఆ మాట మొదట అన్నది ఆమే. ఆ తర్వాత అందరూ అందుకున్నారు. తర్వాతి రోజుల్లో ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి నాలుక కొరుక్కోవాలనిపించేది.

దూది పని లేని నెలల్లో ఖాళీగా ఎందుకని సూర్యారావే నాగుల్‌మీరాని ఇనుము తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పెట్టాడు. నాగుల్‌మీరా మెతక మనిషి. బీడీ కూడా ముట్టేవాడు కాదు. జీతాల రోజు పనివాళ్ళంతా తాగి పడిపోతే వాళ్ళని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ఒక్కొక్కరినీ ఇళ్ళకి చేర్చేది అతనే. ఎదురింటి అచ్చయ్యనైతే నెలనెలా తెచ్చి గుమ్మంలో దించేవాడు. అచ్చయ్య భార్య నాంచారమ్మ, "మా ఆయన్ని మోసే ఖర్మ నీకేందయ్యా," అని కళ్ళొత్తుకునేది.

బాజీకి నాలుగేళ్ళప్పుడు అది జరిగింది. ఇనుము కాల్చే పెద్ద కొలిమిని, అక్కడ భట్టీ అంటారు, ఆపినప్పుడల్లా లోపలి గోడలకి పేరుకున్న మడ్డిని మనుషులు దిగి కొట్టాలి. అది చల్లారడానికి రోజులు పడుతుంది. రోజులు ఆగితే ఫ్యాక్టరీకి నష్టం. చల్లారకముందే దిగమన్నారు. పై నుంచి నిప్పుల మడ్డి పెళ్ళ విరిగి నాగుల్‌మీరా మీద పడింది. సారమ్మ పనిచేసే నర్సింగ్ హోమ్‌కే తెచ్చారు. ఇంకా ప్రాణం ఉంది. ఒళ్ళు తుడిచింది సారమ్మే.

సాయంత్రానికి ప్రాణం పోయింది. ఆమె పీరమ్మని పట్టుకుని ఏడుస్తూ చెప్పింది. "దాహం దాహం అన్నాడే. నేనే దూదితో పెదాలు తడిపా. 'ఇంకా కాలుతుంది, దిగనన్నానక్కా. సూర్యారావుగారే ఏం కాదు దిగమన్నారు' అన్నాడు. రెండుసార్లు అన్నాడే, పీరమ్మా."

మర్నాటికల్లా వీధిలో మరో మాట నడిచింది. నాగుల్‌మీరా తాగి డ్యూటీకి వచ్చాడట. వద్దంటున్నా మత్తులో భట్టీలోకి దిగాడట. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. పోయినవాణ్ణి ఉన్నదానికంటే పొగడటం లోకం తీరు. నాగుల్‌మీరాకి ఆ అదృష్టం కూడా దక్కలేదు. జనాజాకి, శవాన్ని సాగనంపడానికి వచ్చినవాళ్ళు కూడా ముక్కుమీద వేలేసుకున్నారు. "సగం ముసల్మాన్లు, ఇంకేం నేర్చుకుంటారు" అన్న మాట పీరమ్మ చెవిన పడింది. మౌల్వీగారు గద్దించబట్టి నోళ్ళు మూతపడ్డాయి.

సూర్యారావు చెప్పులు గుమ్మం బయట విడిచి ఇంటికొచ్చాడు. నేలమీదే కూర్చున్నాడు. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"చెల్లెమ్మా, జరిగింది జరిగింది. నీకూ పిల్లాడికీ నేనున్నా. ఎంక్వైరీవాళ్ళొస్తే నువ్వు పెద్దగా ఏం చెప్పొద్దు. అప్పుడప్పుడూ పుచ్చుకునేవాడని అను చాలు. మిగతాది నేను చూసుకుంటా."

"ఆయన ముట్టేవాడు కాదు బాబుగారూ. మీకూ తెలుసు."

"తెలుసమ్మా. కానీ ఫ్యాక్టరీ మూతపడితే ఈ వీధిలో పొయ్యి ఎలిగేదెన్నిళ్ళల్లో? పోయినాయనకి ఇప్పుడు పేరు దేనికి?"

పీరమ్మ లేచి నిలబడింది. "నాకు మీ డబ్బొద్దు, మీ దయొద్దు. ఆయన తాగలేదని ఒక్కళ్ళు చెప్తే చాలు. రేపు నా కొడుకు తలెత్తుకు తిరగాల."

ఆమె అడిగింది అదొక్కటే. అంతకంటే ఎక్కువ ఎప్పుడూ అడగలేదు.

ఎంక్వైరీ కోసం ఆఫీసర్లు వచ్చే రోజుకల్లా వీధి మొగలో సూర్యారావు బోరు వేయించి, మోటారు పెట్టించి, ఇంటింటి ముందుకీ నల్లా లాగించాడు. ఏళ్ళ తరబడి ట్యాంకరు వెంట పరిగెత్తిన ఆడవాళ్ళు నల్లా తిప్పితే నీళ్ళు రావడం చూసి చేతులెత్తి దండం పెట్టారు. ఆ రోజు షామియానా వేసి పూరీలు, బూందీ పెట్టించాడు. గంపలనిండా పూరీలు పొగలు కక్కుతూ ఒకదానిమీదొకటి పేర్చి ఉన్నాయి.

ఆఫీసర్లు కుర్చీల్లో కూర్చుని అడిగారు. అచ్చయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. ఆ సైకిల్ మీద నెలనెలా ఇంటికి చేరిన అచ్చయ్య! "పీతా థా సాబ్. రోజ్ పీతా థా," అన్నాడు, రోజూ తాగేవాడని. చెప్పాక తల వంచుకుని పూరీల వైపు నడిచాడు. ఇంకొకడు, మరొకడు, అందరిదీ అదే మాట. ఆఖరికి సారమ్మని పిలిచారు. పీరమ్మ ఆమె మొహంలోకే చూస్తోంది. సారమ్మ కొడుకు బెన్నీకి ఆ వారమే సూర్యారావు దగ్గర ఉద్యోగం ఖాయమైంది. ఆ సంగతి పీరమ్మకి అప్పటికి తెలియదు.

"వాసన వచ్చింది సార్," అంది సారమ్మ. "ఏమీ మాట్లాడలేదు. తెలివి లేదు."

పీరమ్మ గంపల్లోని పూరీల గుట్టని చూసింది. నల్లాలోంచి కారుతున్న నీళ్ళని చూసింది. చెవుల్లో అమ్మమ్మ గొంతు వినిపించింది. ఆమె కొంగు బిగించి వీధి మధ్యకొచ్చింది.

"తినబాకండర్రా! తాగబాకండి! అయ్యి నీళ్ళు గావు! వీడేరా దజ్జాలు!"

సూర్యారావు కోప్పడలేదు. జాలిగా చూశాడు. ఎంగిలి చేతులతో ఉన్న పిల్లలు ఆయన దగ్గరికి పరిగెత్తారు, ఆయన మొహంలోకి తొంగి చూశారు. అందులో ఒకడు గట్టిగా అరిచాడు.

"కాదు పిన్నీ! రెండు కళ్ళూ ఉన్నాయి!"

అందరూ నవ్వారు. ఆఫీసర్లకి తెలుగు రాకపోయినా నవ్వారు. సూర్యారావు ఆ పిల్లాణ్ణి ఎత్తుకుని నోట్లో బూందీ పెట్టాడు. కళ్ళు లెక్కపెట్టమని నేర్పింది పీరమ్మే. వాళ్ళు ఆమె చెప్పినట్టే చేశారు. గుడ్డికన్ను వేసుకుని వస్తే వాణ్ణెవడు నమ్ముతాడు, చిన్నపిల్లలు కూడా పారిపోతారు గదా అన్న చిన్న ఇంగితం కథ చెప్పినన్నాళ్ళూ ఆమెకి తట్టలేదు. ఆ నున్నటి నుదుటి మీద ఆ రోజు ఆమె ఒక్కతే రాత చదివింది. మిగతావాళ్ళకి ఆకలిగా ఉంది.

ఆ తర్వాత పీరమ్మ ఎప్పుడూ ఆ కథ చెప్పలేదు.

వీధి ఆమెని వెలివేయలేదు. వెలివేస్తే కనీసం వాళ్ళకి సిగ్గుందనుకోవచ్చు. వాళ్ళు ఆమె మీద జాలిపడ్డారు, అదే ఆమెకి కంపరం. మొగుడు పోయి మతి చెడిందన్నారు. తిన్నింటి వాసాలు లెక్కపెడుతోందన్నారు. ఆమె తన గుమ్మం ముందు నల్లాని ముట్టలేదు. పెద్ద రోడ్డు దాటి, లారీల మధ్య నుంచి, అవతలి చేతిపంపుకి బిందె మోసుకెళ్ళేది. ఎండాకాలం అది కొడితే కొడితే గానీ పడదు, పడ్డా తుప్పు వాసన. రజాయిలు కుట్టింది, పరుపులు కుట్టింది, రాయ్‌పూర్ బజారు దుకాణాలకి దిండ్లు కుట్టింది. అటుపక్క నాలుగు కుట్లు, ఇటుపక్క నాలుగు కుట్లు అంటూ దబ్బనంతోనే కొడుకుని పెంచింది.

బాజీకి మాత్రం చెప్పేది. వాడికి బుద్ధి తెలిసినప్పటి నుంచీ, "మీ నాన్న ముట్టేవాడు కాదు. వాళ్ళు అబద్ధం చెప్పార్రా," అని చెబుతూనే ఉంది. చిన్నప్పుడు వాడు నమ్మాడు. బళ్ళో 'షరాబీ కొడుకు', తాగుబోతు కొడుకు అన్నవాళ్ళని కొట్టి మొహం పగలగొట్టుకుని వచ్చేవాడు. పెద్దయ్యేకొద్దీ కొట్టడం మానేశాడు. తల్లి మాట ఒకటి, వీధి మాట వంద. మొగుడి పరువు కాపాడుకోని ఆడది ఎక్కడుంటుంది అనుకున్నాడేమో. తల్లి చెబితే ఊఁ కొట్టేవాడు. ఆ ఊఁ విన్నాక ఆమె మళ్ళీ మొదటి నుంచీ చెప్పేది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. బీర్‌గావ్‌లో ఎంత నిలకడ పట్టినా తెలియలేదు.

బాజీ చదువయ్యాక ఏడాదిపాటు ఖాళీగా తిరిగాడు. ఉర్లాలో ఏ గేటు దగ్గరికెళ్ళినా సూర్యారావు మనుషులే. చివరికి ఆయన దగ్గరే చేరాడు. పీరమ్మ మూడు పూటలు అన్నం మానేసింది. వాడు కంచం ముందు పెట్టుకుని, "మరి ఏం తిందామమ్మా?" అని అడిగాడు. దజ్జాల్ రోజుల్లో విశ్వాసులకి దేవుడి పేరే అన్నమై నిలబడుతుందని అమ్మమ్మ చెప్పింది. విశ్వాసుల పిల్లల సంగతేమిటో చెప్పలేదు.

మంచి పిల్లాడు బాజీ. పనిలో చురుకు, మాటలో నెమ్మది. సూపర్‌వైజర్ అయ్యాడు. దగ్గర్లోని తిల్దా ఊళ్ళో రైసు మిల్లులో పనిచేసే ఒక దూదేకుల కుటుంబం నుంచి సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి మాట ఖాయం చేసుకోవడానికి వచ్చిన ఆదివారం, పెద్దమనిషిగా సూర్యారావు కూడా వచ్చాడు. జుట్టు నెరిసింది, కారు వచ్చింది, చెప్పులు మాత్రం ఇప్పటికీ గుమ్మం బయటే విడిచాడు. సారమ్మని బాజీయే పిలుచుకొచ్చాడు. ఉద్యోగం నుంచి రిటైరై, మోకాళ్ళు పట్టేసి, బెన్నీ సంపాదన మీద బతుకుతోంది. ఇన్నేళ్ళలో పీరమ్మ ఆమెతో మాట్లాడింది తక్కువ. ఆమె మాత్రం క్రిస్మస్‌కి కేకు పంపడం మానలేదు. పీరమ్మ దాన్ని అలాగే తిప్పి పంపడమూ మానలేదు.

పీరమ్మ వంటింట్లో ఉంది. ముందు గదిలోంచి పిల్ల తండ్రి గొంతు వినిపించింది. "అంతా బాగానే ఉంది గానీ బాబూ, తప్పుగా అనుకోవద్దు. అలవాట్లేమైనా..?"

బాజీ తనే జవాబు చెప్పాడు. గొంతు స్థిరంగా ఉంది, ఎక్కడా తడబడలేదు.

"దాచేదేం లేదండీ. మా నాన్న తాగుబోతు. తాగే భట్టీలోకి దిగి చచ్చిపోయాడు. అప్పుడు నాకు నాలుగేళ్ళు. అమ్మ ఎంత కష్టపడిందో చూశాను. అట్టాంటివాణ్ణి కాకూడదని ఒట్టు పెట్టుకున్నా. ఇంతవరకూ ముట్టలేదు, ముట్టను."

"బంగారంలాంటి కుర్రాడు," అన్నాడు సూర్యారావు.

పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన పీరమ్మ అక్కడే నిలబడిపోయింది. మిఠాయిలు పక్కకి ఒరిగాయి. ఆమె ఎవరినీ తిట్టలేదు. సారమ్మ ఎదుటికి వెళ్ళి, ఇరవై ఏళ్ళ కిందట పిలిచినట్టే పిలిచింది.

"సారమ్మక్కా. నువ్వేగా ఒళ్ళు తుడిచింది. వాడికి చెప్పు. నాకు కాదు, వాడికి చెప్పు."

అందరూ సారమ్మ వైపు తిరిగారు. ఆమె బాజీని చూసింది, పిల్ల తండ్రిని చూసింది. సూర్యారావు వైపు మాత్రం చూడలేదు. పెదాలు కదిలాయి. పీరమ్మకి ఒక్క క్షణం ఆశ కలిగింది. ఇన్నేళ్ళ కోపాన్నీ అక్కడికక్కడే వదిలేయడానికి సిద్ధపడింది.

"అబ్బాయి శుభం చూడవే పీరమ్మా," అంది సారమ్మ చివరికి. "పోయినాయన పోయాడు. ఇప్పుడు ఆ మాటలెందుకు?"

పిల్ల తండ్రి ఇబ్బందిగా కదిలి మంచినీళ్ళు అడిగాడు. బాజీ గబగబా బయటికెళ్ళి నల్లా నీళ్ళు గ్లాసులకి పట్టి తెచ్చాడు. ఆయన గటగటా తాగి, "ఎంత తియ్యగా ఉన్నాయండీ! మా తిల్దాలో ఇట్టాంటి నీళ్ళేవి?" అన్నాడు. సంబంధం ఖాయమైంది. అందరూ నోళ్ళు తీపి చేసుకున్నారు.

వెళ్ళేటప్పుడు సారమ్మ గుమ్మం దగ్గర ఆగి గుసగుసగా అంది. "బెన్నీ ఇంకా ఆయన దగ్గరేగదే. నన్ను క్షమించు."

"నన్నడగబాక," అంది పీరమ్మ. "మీ ఏసు దిగొచ్చినప్పుడు ఆయన్నడుగు. నీకోసం ఎదురుచూసినంతగా నేను ఆయన కోసం చూళ్ళా."

సారమ్మ గోడ పట్టుకుని మెల్లగా తనింటికి వెళ్ళిపోయింది.

కారు కదిలిన తర్వాత బాజీ గ్లాసులు కడిగి బోర్లించి, తల్లి పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆమె పాదాల మీద చెయ్యి వేశాడు. వాడి కళ్ళు రెండూ నాగుల్‌మీరావే. నిండా ప్రేమే తప్ప అబద్ధమన్నది లేని కళ్ళు.

"ఎందుకమ్మా అందరి ముందూ అట్టా చేశావ్? నువ్వింకా లోపల పెట్టుకుని కుమిలిపోతున్నావ్," అన్నాడు బుజ్జగిస్తూ. "ఒదిలెయ్. నాన్నని నేనెప్పుడో మాఫ్ చేసేశా."

దజ్జాల్ చంపి బతికించి చూపిస్తాడని కథలో ఉంది. చచ్చినవాణ్ణి మళ్ళీ చంపుతాడనీ, అది కన్నకొడుకు చేత్తోనే, అంత ప్రేమగా చేయిస్తాడనీ పీరమ్మకి ఎవరూ చెప్పలేదు. ఆమె కొడుకు చేతిని పాదాల మీద నుంచి తీసి పక్కన పెట్టింది. లేచి ఖాళీ బిందె తీసుకుని, రోడ్డవతలి చేతిపంపు వైపు నడిచింది.